ఏడో స్తంభం

చక్రధర్ కట్టిన మార్కెట్టు ఆరో రోజు సాయంత్రం అయిదున్నరకు కూలిపోయింది. కూలుతుండగా చూసిన మనిషి ఒక్కతే, అతని భార్య హైమవతి. ఆమె అప్పుడు అది ఉన్న గదిలోనే ఆరిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో దుప్పటి ఉంది కనుక నేరం దుప్పటి మీదికి వచ్చింది.

"దుప్పటి విదిలించి ఉంటావు. గాజుపెట్టె అదిరింది," అన్నాడు చక్రధర్, బ్యాంకు నుంచి వచ్చి చెప్పులైనా విడవకుండా.

"నేను మంచానికి అవతల ఉన్నాను. పెట్టె జోలికే పోలేదు."

"మరి దానంతటది పడిందా?"

"దానంతటదే పడింది. ఈ మూల స్తంభం ముందు నడుం దగ్గర వంగింది. పైకప్పు దాని మీదికి ఒరిగింది. ఆ తర్వాత మిగతావి."

అతను నవ్వాడు. సంతకం కలవని ఖాతాదారు 'నాదేనండీ' అని బతిమాలుతుంటే కౌంటరు వెనక నవ్వే నవ్వు అది. హైమవతికి ఒళ్ళు మండింది. కానీ చేతిలో ఇంకా నాలుగు దుప్పట్లున్నాయి. అవి మడతపెట్టి బీరువాలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చక్రధర్‌కు నలభై తొమ్మిదేళ్ళు. ఏడేళ్ళ కిందట ఏదో ప్రదర్శనలో బొమ్మ ఇటుకలతో కట్టిన రైలు వంతెన చూసి వచ్చాడు. అప్పటి నుంచి అదే లోకం. కాకినాడలో అలాంటివాళ్ళు ఇరవై ఇద్దరు తేలారు. పళ్ళ డాక్టరు, ఆడిటరు, కాలేజీ లెక్చరరు, ఓడరేవు ఆఫీసరు, అందరూ తలలు నెరిసినవాళ్ళే. 'ఇటుక మిత్రులు' అని సంఘం పెట్టుకున్నారు. పెళ్ళిరోజు గుర్తుండని మనిషికి పదేళ్ళ కిందట తయారీ ఆగిపోయిన సెట్టు నంబరు గుర్తుండేది. ఎవరైనా పిల్లలాటలని నవ్వితే డబ్బా తిప్పి చూపించేవారు, 'పద్దెనిమిదేళ్ళు పైబడినవారికి' అని అచ్చువేసి ఉండేది.

హైమవతి వాళ్ళను చూసి ఎన్నడూ నవ్వలేదు. మూడు వేల ముక్కల ఓడ కడుతున్నప్పుడు భర్త మొహంలో కనిపించే నెమ్మది ఆమెకూ ఇష్టమే. ముక్కలు వేరుచేసి మిఠాయి డబ్బాల్లో సర్దిపెట్టేది ఆమే. అతనికి రెండు బూడిదరంగుల మధ్య తేడా తెలిసేది కాదు. ఫిజిక్సు బీయస్సీ చదివి, ప్రాక్టికల్సులో వెంట్రుక మందం కొలిచిన కళ్ళు ఆమెవి.

ఆ సంఘానికి రెండు కట్టుబాట్లున్నాయి. ముక్కలకు జిగురు పెట్టడం పాపం, ప్రదర్శనకు లారీలో పంపేటప్పుడు తప్ప. కట్టింది పడిపోవడం అంతకన్నా సిగ్గు. ఎవరిదైనా కూలితే "వాడికి చెయ్యి లేదు" అనేవారు. ఆ మాట పడ్డవాడు రెండు నెలలు సమావేశానికి వచ్చేవాడు కాదు.

అలాంటివాళ్ళ మధ్యకు ఒక ఆదివారం డాక్టర్ ఎస్తేరురాణి వచ్చింది. తీరప్రాంత నిర్మాణ పరిశోధనశాలకు ఆవిడ పెద్ద. సంచిలోంచి రెండు ఇటుకలు తీసి బల్ల మీద పెట్టింది. చూపుకు ఒకటే. ఒకదాన్ని ఉప్పగాలి నింపిన గాజుపెట్టెలో మూడు రోజులు ఉంచానంది. దాన్ని గోటితో గీస్తే పొడి రాలింది.

పాత భవనం స్తంభంలోంచి తొలిచి తీసిన చిన్న ముక్కను కరిగించి, దాని గుణమే ఉన్న బొమ్మ ఇటుకలు పోతపోస్తుంది ఆవిడ. ఎన్ని స్తంభాలుంటే అన్ని రకాల ఇటుకలు. వాటితో అచ్చం ఆ భవనమే కట్టి గాజుపెట్టెలో పెడితే లోపల ఒక రోజుకు ఒక నెల వయసు మీద పడుతుంది. నాలుగు నెలలు నిలిస్తే అసలు భవనం పదేళ్ళు నిలుస్తుందని లెక్క. యంత్రం చేత కట్టిస్తే అన్ని ఇటుకల మీదా ఒకే నొక్కు పడుతుంది, లెక్క తప్పుతుంది. అసలు భవనం కట్టింది మేస్త్రి చెయ్యి కదా, నమూనాకూ మనిషి చెయ్యే కావాలి. మీకంటే ఓపికైన చేతులు నాకెక్కడ దొరుకుతాయి అంది ఆవిడ. ఇరవై రెండు తలలూ ఒక్కసారి ఊగాయి.

ఒక్కో భవనాన్ని మూడిళ్ళలో, ఇంటికో గాజుపెట్టె ఇచ్చి కట్టిస్తారు. మూడింట్లో ఒక్కటి పడినా ఆ భవనానికి అనుమతి ఆగుతుంది. నాలుగు నెలలు నిలిపినవారికి 'నిలిచిన నిర్మాణం' అని పతకం.

వాటికి అసలు పేరు ఏదో ఉండేది గానీ సంఘంలో అందరూ 'ముసలి ఇటుకలు' అనేవారు. చక్రధర్‌కు వచ్చింది పాత నూనెమిల్లు మార్కెట్టు. కింద కూరగాయలు, చేపలు అమ్ముతారు. పైన కొత్త అంతస్తు వేసి ఆడవాళ్ళ కుట్టు శిక్షణ కేంద్రం పెట్టాలని మున్సిపాలిటీ ఆలోచన. ఆ కొత్త అంతస్తుతో సహా పద్నాలుగు వేల ఆరువందల ముక్కలు. వేరుచేస్తున్నప్పుడే ఏడో స్తంభం ముక్కలు హైమవతి వేళ్ళకు తేడాగా తగిలాయి. కొంచెం మాసినట్టున్న రంగు, పట్టుకుంటే చెమ్మగా ఉన్నట్టు. చేపల కొట్ల పక్కనున్న మూల స్తంభం అది.

ఆరో రోజు మొదట వంగింది అదే.

కూలిన మర్నాటి నుంచి చక్రధర్ వారం సెలవు పెట్టి మళ్ళీ కట్టాడు. ఈసారి అగ్గిపుల్ల కొసన జిగురు అద్ది ప్రతి అతుకులోనూ పెట్టాడు. పొడిబారిన ముక్కలు పారేసి ఆ చోట వేరే సెట్టులోని గట్టి ముక్కలు వేశాడు. జిగురు పెట్టకూడదని పరిశోధనశాల ఇచ్చిన కాయితంలో రాసి ఉందని హైమవతి గుర్తుచేసింది.

"పడేసింది నువ్వు, రూల్సు చెప్పేదీ నువ్వేనా?" అన్నాడు తలెత్తకుండా. "నువ్వు చెడగొట్టినదాన్ని సరిచేస్తున్నాను, అంతే."

మిగతా రెండిళ్ళలో పడితే వాళ్ళు చెబుతారులే అనుకుంది ఆమె. అనుకుని ఊరుకుంది. తర్వాత రోజుల్లో తన మీద తనకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ ఊరుకోవడమే.

నాలుగు నెలలకు చక్రధర్ 'నిలిచింది' అని సంతకం పెట్టి పంపాడు. దుప్పటి విసురుకు మార్కెట్టు పడబోయి ఆగిందని సంఘంలో కథలా చెప్పాడు. అప్పటి నుంచి ఇంట్లో సమావేశం పెడితే ఆమె ట్రేతో గదిలోకి రాగానే ఎవరో ఒకరు, "భూకంపంగారు కాఫీ తెస్తున్నారు, పెట్టెలు పట్టుకోండర్రా" అనేవారు. అందరూ నవ్వేవారు. చక్రధర్ అందరికంటే ముందు నవ్వేవాడు.

మార్కెట్టు మీద అంతస్తు లేచింది. కుట్టు కేంద్రం మొదలై అయిదు నెలలు దాటాక పతకాల సభ పెట్టారు.

సభలో మగవాళ్ళు వేదిక దగ్గర ఫొటోలు దిగుతుంటే ఆడవాళ్ళు భోజనాల హాల్లో ముందే కూర్చున్నారు. ఒకవైపు పళ్ళ డాక్టరుగారి భార్య సుగుణమణి, ఇంకోవైపు ఆడిటరుగారి తల్లి కనకరత్నం. నూనెమిల్లు మార్కెట్టు కట్టిన మిగతా ఇద్దరూ ఆ డాక్టరూ ఆడిటరే.

భూకంపంగారంటే మీరేనా అని సుగుణమణి నవ్వుతూ అడిగింది. హైమవతి సాంబారు కలుపుకుంటూ, అవును, దుప్పటి మడతపెట్టిన పాపానికి ఆ పేరు వచ్చిందని చెప్పింది.

"మీరు నయం వదినగారూ, దుప్పటి. మా ఇంట్లో పిల్లి. మా ఆయన దాన్ని గోనెసంచిలో పెట్టి ఉప్పుటేరు అవతల వదిలేసొచ్చారు. అది ఆ టైముకి నా ఒళ్ళో పడుకునుందంటే వింటేనా?"

హైమవతి చెయ్యి ఆగింది. మీదీ పడిందా అని అడిగింది.

"పడకపోవడమేంటండీ, కుప్పయింది. మళ్ళీ కట్టారు. ఎవరితోనూ అనకండి, జిగురు పెట్టారు."

కనకరత్నం మజ్జిగ గ్లాసు కిందపెట్టింది. "నేను పక్కగదిలో అప్పడాల పిండి దంచానని మావాడు నాతో వారం మాట్లాడలేదమ్మా," అంది నెమ్మదిగా. "ఆ రోజు నేను పిండి దంచనేలేదు. తడిపి ఉంచానంతే."

ఎన్నో రోజు, ఏ మూల అని హైమవతి ఇద్దరినీ అడిగింది. సుగుణమణికి రోజు గుర్తుంది, పిల్లిని వదిలేసిన రోజు గనక. ఆరో రోజు. మూల మాత్రం ముగ్గురికీ గుర్తుంది. చేపల వైపు మూల.

అవతల సభ హాల్లో చప్పట్లు వినిపించాయి. వేదిక మీద చక్రధర్ మెడలో పతకం వేస్తున్నారు. ఆరు రోజులంటే ఆరు నెలలు. అంతస్తు తెరిచి అయిదు నెలల పది రోజులు. హైమవతి విస్తరి మడిచి లేచింది.

మర్నాడు పొద్దున్నే ఆమె, సుగుణమణి పరిశోధనశాలకు వెళ్ళారు. పొడుగాటి గదిలో వరసగా గాజుపెట్టెలు, ఒక్కోదానిలో ఒక్కో బడి, ఒక్కో ఆస్పత్రి, ఒక్కో బస్‌స్టాండు మోకాలెత్తు నమూనాలుగా ముసలివైపోతున్నాయి. ఎస్తేరురాణి మొత్తం విన్నది. చివరికి, ఎందుకు దాచారు, నాకు కావలసింది అదే కదా, పడితే పడిందని తెలియడానికే కదా ఇదంతా అంది.

"మీరు వాళ్ళకు పతకం దేనికి పెట్టారండీ?" అంది హైమవతి. "నిలిస్తే ఒక పతకం. పడితే ఏం ఇస్తామన్నారు?"

ఆవిడ ఫోను తీసి మున్సిపల్ ఇంజనీరుకు చేసింది. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. మూడు సంతకాలున్న మూడు కాయితాలు తన దగ్గరున్నాయని, ఇంట్లో ఆడవాళ్ళు చెప్పారని మూడొందల మంది బతుకుతెరువు మూయించలేనని అన్నాడు. సంతకం పెట్టిన ముగ్గురిలో ఒక్కరు తన కాయితం వెనక్కి తీసుకున్నట్టు రాసిస్తే చాలు, గంటలో ఖాళీ చేయిస్తానన్నాడు.

ఆడిటరు ప్రదర్శనకని సింగపూరు పోతూ విమానంలో ఉన్నాడు. సుగుణమణి భర్తకు ఫోను చేసింది. రెండు నిమిషాలు విని, ఫోను సంచిలో వేసుకుని, "నాకు పిచ్చంటున్నారు," అంది.

ఇక మిగిలింది చక్రధర్.

అతను బ్యాంకుకు తయారవుతున్నాడు. హైమవతి గుమ్మంలో నిలబడి అంతా వరసగా చెప్పింది, మూడిళ్ళు, ఒకే మూల, రెండింట్లో అదే ఆరో రోజు. అతను వింటూ వింటూ మంచం మీద కూర్చున్నాడు. ముగ్గురి చేతుల్లోనూ ఒకే లోపం ఉండి ఉండవచ్చన్నాడు. ఆ సెట్టులోనే పోత సరిగా లేదేమోనన్నాడు. ఆదివారం సంఘంలో మాట్లాడదామన్నాడు.

"ఆదివారం దాకా అది ఆగుతుందని మీకెవరు చెప్పారు?"

"హైమా, నేను బ్యాంకు మేనేజర్ని. నా సంతకం అబద్ధమని నేనే రాసివ్వాలా? ఊళ్ళో తలెత్తుకుని తిరగనా వద్దా?"

"అప్పుడు నాకు చెప్పారుగా, నీ దుప్పటి విదిలింపుకి పడిందని. అంటే కట్టడం గట్టిదే, అవునా?"

"అవును."

"అయితే మార్కెట్టుకి రండి. ఒక్క గంట నాతో కూర్చోండి. గంట తర్వాత కూడా ఇదే మాటంటే నేనింక నోరెత్తను."

వస్తే గొడవ వదులుతుందనుకున్నాడేమో, వచ్చాడు.

పదింటికి మార్కెట్టు కిటకిటలాడుతోంది. పైన ముప్ఫై రెండు కుట్టుమిషన్లు తిరుగుతున్నాయి. ఏడో స్తంభానికి వీపు ఆనించి వరహాలమ్మ బెండకాయలు పేరుస్తోంది. పందొమ్మిదేళ్ళుగా ఆమె చోటు అదే, హైమవతి కూరలు కొనేదీ ఆమె దగ్గరే. హైమవతి ముక్కాలిపీట ఒకటి అడిగి తీసుకుని స్తంభం పక్కన వేసింది. అయ్యగారు కాసేపు కూర్చుంటారని చెప్పింది.

"ఏటండీ అయ్యగారూ, బ్యాంకులో పని మానేసి వంకాయలమ్మడం నేర్చుకుంటారా?" అంది వరహాలమ్మ. "మాకు పోటీ పెట్టకండి బాబూ, గిట్టదు."

చక్రధర్ మొహమాటంగా నవ్వి కూర్చున్నాడు. హైమవతి ఎదురుగా నిలబడింది.

స్తంభానికి కొత్తగా సున్నం వేశారు. కానీ పక్క చేపల కొట్ల నుంచి ఐసు కరిగిన నీళ్ళు సన్నటి కాలవగా స్తంభం మొదలును రాసుకుంటూ పోతున్నాయి. ఎన్నేళ్ళ నుంచి పోతున్నాయో, మోకాలెత్తు దాకా సున్నం ఉబ్బి ఉప్పు పూసింది. చక్రధర్ మొదట గడియారం చూసుకున్నాడు. తర్వాత చూపు స్తంభం వెంట పైకి పాకింది. చెయ్యి తెలియకుండానే లేచి, నడుం ఎత్తున ఒకచోట ఆగింది. ఆ చోటు అతనికి తెలుసు. అగ్గిపుల్లతో అన్నిటికంటే ఎక్కువ జిగురు పెట్టింది అక్కడే. సున్నం కింద గోరు దూరేంత పగులు ఉంది. పైన మిషన్లు తిరిగినప్పుడల్లా ఆ పగులు అతని వేలికి సన్నగా జరజరమని తగులుతోంది.

పైన ఎవరో బల్ల లాగారు. పెచ్చు ఒకటి ఊడి అతని చొక్కా కాలరులో పడింది.

చక్రధర్ లేచాడు. పీట పక్కకు దొర్లింది. ఎవరివైపూ చూడకుండా, బుట్టలు దాటుకుంటూ, చివర్లో దాదాపు పరుగెత్తుతూ, రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. అతని మోకాలికి అడుగు దూరంలో వరహాలమ్మ అరకిలో బెండకాయలు తూస్తూనే ఉంది.

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ మనిషి వీపును హైమవతి ఎన్నోసార్లు చూసింది గానీ, అలా ఎన్నడూ చూడలేదు. ఆమెకు కోపం కూడా ఒక్క క్షణం ఆగి తర్వాత వచ్చింది.

"వరహాలమ్మా, ఆయన లేచారు. నువ్వూ లే," అంది. "తక్కెడ వదిలెయ్. పక్కవాళ్ళనీ లేపు. ఈ స్తంభం పడబోతోంది."

వరహాలమ్మ ఆమె మొహం చూసింది, స్తంభం వైపు చూడలేదు. మొహం చూసే లేచింది.

హైమవతి మెట్లెక్కి పైకి వెళ్ళింది. ఆ మెట్లూ ఆ మూల మీదే ఆనుకుని ఉన్నాయి. ముప్ఫై రెండు మిషన్లు ఆపించడానికి గొంతు చించుకోవలసి వచ్చింది. బట్ట సగం కుట్టి వదలలేనని ఒకమ్మాయి వాదిస్తే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. కిందికి వచ్చేసరికి ఎదురు టీ బడ్డీ దగ్గర చక్రధర్ కాయితం రాస్తున్నాడు. సంతకం ఎప్పటిలాగే అందంగా పడింది.

ఇంజనీరు మాట నిలబెట్టుకున్నాడు. గంటలో తాళ్ళు కట్టి అందర్నీ ఖాళీ చేయించారు. అమ్మేవాళ్ళంతా ఎర్రటి ఎండలో రోడ్డు మీద బుట్టలు పెట్టుకుని, ఈ పని చేయించిన ఇల్లాలు ఎవరో గానీ అని నోటికొచ్చినట్టు తిట్టారు. పాడైపోయే సరుకు వాళ్ళది, తిట్టరూ మరి. వరహాలమ్మ తిట్టలేదు. సాయంత్రం హైమవతి కూరలకు వెళితే బెండకాయలు ఏరుతూ, "మీ ఆయన పరిగెత్తేటప్పుడు నేను పక్కనే ఉన్నాను కదమ్మా. నాకో మాట చెప్పొచ్చు కదా?" అని అడిగింది. ఎత్తిపొడుపు లేదు అందులో. నిజంగా తెలియక అడిగింది.

ఖాళీ చేయించిన తొమ్మిదో రోజు పొద్దున, మార్కెట్టు మంచి రద్దీగా ఉండవలసిన వేళ, ఏడో స్తంభం నడుం దగ్గర వంగింది. పై అంతస్తు సగం దాని మీదికి ఒరిగింది. మిషన్లు ముప్ఫై రెండూ చేపల కాలవలో పడ్డాయి. లోపల మనుషులెవరూ లేరు.

మధ్యాహ్నానికి సంఘం వాళ్ళ ఫోన్లలో సందేశాలు మోగిపోయాయి. ఆరు రోజులకు ఆరు నెలలు, ఎంత కచ్చితం, ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా ఇలాంటి సెట్టు అని పళ్ళ డాక్టరు రాశాడు. దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు. సింగపూరు నుంచి ఆడిటరు కూలిన మూల ఫొటో దగ్గరగా తీసి పంపమన్నాడు. ఎస్తేరురాణి మాత్రం అన్ని గాజుపెట్టెల నివేదికలూ ఆపేశానని, ఎవరింట్లో ఏది పడిందో నిజం రాసి పంపమని వేడుకుంటూ ఉత్తరం పంపింది. ఇంకా ఆరు భవనాలు, పద్దెనిమిది ఇళ్ళు ఉన్నాయి. దానికి ఎవరూ బదులివ్వలేదు.

ఆదివారం చక్రధర్‌కు సన్మానం పెట్టారు, సకాలంలో సంతకం వెనక్కి తీసుకుని మూడొందల ప్రాణాలు కాపాడినందుకు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. నువ్వూ రా, నీ గురించి కూడా రెండు మాటలు చెబుతానన్నాడు.

"వరహాలమ్మ మిమ్మల్ని ఒక మాట అడిగింది," అంది హైమవతి. "పక్కనే ఉన్నాను కదా, లేచేటప్పుడు నాకెందుకు చెప్పలేదు అని."

అతని చేతిలో పైగుండీ ఆగింది. అద్దంలోనే ఆమె వైపు చూశాడు.

"ఆ క్షణంలో ఏం తోచలేదు హైమా. నువ్వు చెబుతావు కదా అని..."

"నాకు కాదు. ఆవిడ రోడ్డు మీద గొడుగు వేసుకుని కూర్చుంది. వెళ్ళి ఆవిడకు చెప్పండి. ఆ తర్వాత మిగతా పద్దెనిమిది ఇళ్ళవాళ్ళకి, సభలో, మైకులో చెప్పండి. నాది పడింది, నేను జిగురు పెట్టాను, మీదీ పడిందేమో చెప్పండర్రా అని. అప్పుడు వస్తాను, ముందు వరసలో కూర్చుంటాను."

అతను గుండీ పెట్టుకున్నాడు. స్కూటరు తాళం తీసుకుని, ఆలస్యమవుతోందని గొణిగి, మెట్లు దిగాడు. హైమవతి వరండాలోకి వచ్చి నిలబడింది. స్కూటరు వీధి చివరిదాకా నెమ్మదిగా వెళ్ళింది. అక్కడ ఒక నిమిషం ఆగింది. తర్వాత సభ జరిగే హాలు వైపు, కుడిచేతికి, తిరిగింది.

మార్కెట్టు ఎడమవైపు ఉంది. ఆమె చెప్పులు వేసుకుని, సంఘం సభ్యుల చిరునామాల పుస్తకం సంచిలో పెట్టుకుని, మొదటి ఇంటికి బయల్దేరింది.